పాల డెయిరీలో అమ్మోనియా ఎందుకు? లీకులు ఎప్పుడు, ఎలా జరుగుతాయి?

2020 ఆగస్టు 20 సాయంత్రం చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర ఓ పాల డెయిరీలో అమ్మోనియా లీకైంది. ఆస్పత్రి పాలైన వాళ్లలో ఎక్కువ మంది ఆ సమయంలో డ్యూటీలో ఉన్న మహిళలే. అంతకు ముందు మే 7న విశాఖలో స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి పన్నెండు మందిని బలి తీసుకుంది. జూన్ 27న నంద్యాలలో ఓ ఆగ్రో పరిశ్రమలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. వరసగా ఇన్ని వినేసరికి జనానికి గ్యాస్ లీక్ అన్న మాటే గుబులు పుట్టించేలా తయారైంది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన ఊళ్లలో అవే ప్రశ్నలు వినిపిస్తాయి. పాలల్లో అమ్మోనియా కలుపుతారా? లీకైతే ఊరు మొత్తం ఖాళీ చేయాలా? ఇంత ప్రమాదమైన దాన్ని తిండి తయారుచేసే చోట అసలు ఎందుకు ఉండనిస్తున్నారు? మొదటిదానికి జవాబు చిన్నది: కలపరు. పాలను చల్లబరచడానికి వాడే అమ్మోనియా పైపుల్లోనే తిరుగుతుంది, పాలను తాకదు. మిగతా రెండింటికీ కాస్త లోపలికి వెళ్లాలి.

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. కుండ పైకి ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి నీళ్లలోంచి వేడిని లాగేసుకుంటుంది. అమ్మోనియా ప్లాంటు చేసేదీ ఇదే. తేడా ఏమిటంటే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, మామూలు వాతావరణ పీడనంలో అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అంటే మనకు గడ్డకట్టే చలి అనిపించేది కూడా దానికి పొయ్యి మీద వేడే.

ఆవిరైన అమ్మోనియాను కంప్రెసర్ లాగి నొక్కుతుంది. కండెన్సర్‌లో నీళ్లు, గాలి తగిలి అది వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఆ ద్రవం రిసీవర్ అనే ఇనుప ట్యాంకులో చేరుతుంది. అక్కడి నుంచి ఓ సన్నటి వాల్వు గుండా తక్కువ పీడనం ఉన్న వైపుకి వెళ్లి మళ్లీ ఆవిరవుతుంది. ఉన్న అమ్మోనియానే రోజంతా ఇలా తిరుగుతూ ఉంటుంది. లీకు లేకపోతే కొత్తది పోయాల్సిన పని పెద్దగా ఉండదు.

మన డెయిరీల్లో సాధారణంగా ఈ చలిని ముందు నీళ్లకు ఇస్తారు. ఐస్ బ్యాంక్ ట్యాంకులో అమ్మోనియా పైపుల చుట్టూ మంచు పేరుకుంటుంది. ఆ ట్యాంకులోని ఒకటి రెండు డిగ్రీల నీళ్లను పంపుతో పాలు చల్లబరిచే ప్లేట్లకు పంపుతారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కూడా వేడిచేసిన గుజ్జును డ్రమ్ముల్లో నింపే ముందు చల్లార్చడానికి ఇలాంటి చల్లటి నీళ్లే కావాలి. పాల ప్యాకెట్లు పెట్టే కోల్డ్ రూముల్లో, పండ్ల ముక్కలను గడ్డకట్టించే చోట మాత్రం అమ్మోనియా తిరిగే పైపుల చుట్ట (కాయిల్) నేరుగా గదిలోనే ఉండొచ్చు. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

పని ఎంత పెద్దదో ఓ లెక్క వేసి చూద్దాం. లక్ష లీటర్ల పాలు 30 డిగ్రీల వేడితో ట్యాంకర్లలో వచ్చాయి అనుకోండి. వాటిని 4 డిగ్రీలకు దించాలంటే లాగాల్సిన వేడి, 30 టన్నులకు పైగా ఐసు కరగడానికి పట్టే వేడితో సమానం. రోజూ ఇంత పని చేయాలంటే ఒక్కో కిలో ఎంత వేడి మోస్తుందన్నదే ముఖ్యం. ఏసీల్లాంటి శీతల యంత్రాల్లో వాడే ఫ్రియాన్ జాతి వాయువులతో పోలిస్తే కిలో అమ్మోనియా ఐదారు రెట్లు ఎక్కువ మోస్తుంది. పైగా చవక. అందుకే ఊరి పాల శీతలీకరణ కేంద్రంలో ఉండే చిన్న కూలరు ఫ్రియాన్‌తో నడుస్తుంది కానీ, ఆ పాలన్నీ చేరే పెద్ద డెయిరీ అమ్మోనియా మీద నడుస్తుంది.

పీపీఎం అంటే ఎంత

గాలిలో అమ్మోనియా ఎంతుందో చెప్పడానికి పీపీఎం అనే కొలత వాడతారు. పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లు ఉందన్నది దాని అర్థం. చాలామంది ముక్కు ఐదు పీపీఎం దగ్గరి నుంచే ఘాటును పసిగట్టగలదు. ఎనిమిది గంటల పనిలో సగటున 25, పావుగంట సేపైతే 35 దాటకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టంలోని రెండో షెడ్యూలు చెప్పింది. 300 దగ్గర ప్రాణాపాయం మొదలవుతుందని, తగిన రక్షణ లేకుండా ఆ చోట ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 15 శాతానికి, అంటే లక్షా యాభై వేల పీపీఎంకు చేరితే నిప్పు తగిలి పేలే అవకాశం కూడా ఉంది.

అంకెలు విడిగా చూస్తే ఏమీ అర్థం కావు. ఓ కంప్రెసర్ రూము తీసుకుందాం. పొడవు 10 మీటర్లు, వెడల్పు 8, ఎత్తు 5. మొత్తం 400 ఘనపు మీటర్ల గాలి. తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి ఉన్నాయనుకుందాం. ఆ గది మొత్తాన్ని 25 పీపీఎంకు చేర్చడానికి ఏడు గ్రాముల అమ్మోనియా చాలు. 300కి చేర్చడానికి 80 గ్రాములు దాటితే సరి. ఒక కిలో కారితే గది సగటు 3,600 పీపీఎం దాటిపోతుంది. ఆ గాలిలో మనిషి నిలబడలేడు, కళ్లు తెరవలేడు. పేలుడు స్థాయికి మాత్రం 40 కిలోలు కావాలి.

ఈ లెక్క రెండు విషయాలు చెబుతుంది. పేలుడు భయం ఉన్నదే కానీ, మనిషి ఊపిరికి ముప్పు అంతకన్నా ఎంతో ముందే వచ్చేస్తుంది. ఇక ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయడం, పనిచేయకపోవడం మధ్య తేడా ఎంత పెద్దదో కూడా ఇందులోనే ఉంది. ఏడు గ్రాములు అంటే వాల్వు గ్లాండు (వాల్వు కాడ చుట్టూ లీకు కాకుండా బిగించే భాగం) దగ్గర కనిపించీ కనిపించని లీకు. ఫ్యాను తిరుగుతుంటే అది ఎవరికీ తెలియకుండానే బయటికి పోతుంది. ఫ్యాను కాలిపోయి, దాన్ని బాగుచేయించే పని వారం వారం వాయిదా పడుతూ ఉంటే, అదే లీకు రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కు దగ్గు తెప్పిస్తుంది.

వాసన హెచ్చరిక అవుతుందా

అమ్మోనియాను సమర్థించేవాళ్లు మొదట చెప్పే మాట ఇది: దానికి తనదైన అలారం ఉంది. ఫ్రియాన్ గది నిండినా ముక్కుకు తెలియదు, అమ్మోనియా అలా కాదు, ప్రమాద స్థాయికి ఎంతో ముందే మనిషిని బయటికి తరిమేస్తుంది. ఇందులో నిజం ఉంది. చిన్న లీకులు ఎక్కువగా ముక్కుతోనే దొరుకుతాయి.

లీకు ఎక్కడుందో కచ్చితంగా పట్టడానికి పాత ఆపరేటర్లు గంధకపు పుల్ల వెలిగిస్తారు. పైపు జాయింట్ల వెంట, వాల్వు కాడ చుట్టూ ఆ పుల్లను నెమ్మదిగా జరుపుతూ పోతారు. లీకు ఉన్న చోటికి రాగానే పొగ ఉన్నట్టుండి చిక్కబడి పాల నురగలా తెల్లగా మారుతుంది. సెన్సర్లు వచ్చినా ఈ పుల్ల ఇంకా చాలా చోట్ల జేబుల్లో ఉంది. అయితే అది సన్నటి లీకును వెతకడానికే, గాలి నిండా గ్యాస్ ఉన్నప్పుడు నిప్పు వెలిగించడానికి కాదు.

కానీ వాసన అనే అలారానికి లోపాలున్నాయి. రోజూ ఆ గదిలో పనిచేసేవాళ్ల ముక్కు కొద్దిపాటి ఘాటుకు అలవాటు పడిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటుంటే పాతవాళ్లు ‘ఏమీ లేదు సార్, ఇక్కడ మామూలే’ అంటారు. ఆ ‘మామూలే’ అన్న మాటే నన్ను భయపెడుతుంది. రెండోది, రాత్రి ఎవరూ లేని గదిలో వాసన పట్టే ముక్కే ఉండదు. మూడోది, పెద్ద లీకులో వాసన తెలిసేసరికే కళ్లు మూతపడి, గొంతు బిగుసుకుపోతుంది, దారి కనిపించదు. అందుకే 25 పీపీఎం దగ్గర మోగే గోడ సెన్సర్, అది మోగగానే దానంతటదే తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను, గది బయట ఉండే ఎమర్జెన్సీ స్విచ్ ఇవన్నీ కావాల్సి వస్తాయి.

గాలి కన్నా తేలికే, అయినా నేల మీదే పాకుతుంది

అమ్మోనియా గాలి కన్నా తేలిక, పైకి పోతుంది కాబట్టి ఊరికి ముప్పు లేదని కొందరు ధైర్యం చెబుతారు. గ్యాసు రూపంలో లీకైనప్పుడు ఇది చాలావరకు నిజం. ద్రవం లీకైతే కథ మారుతుంది.

రిసీవర్‌లోని ద్రవం 35, 40 డిగ్రీల దగ్గర, చదరపు సెంటీమీటరుకు 13 నుంచి 15 కిలోల ప్రెషర్ కింద ఉంటుంది. అది ఒక్కసారిగా బయటపడితే అందులో పావు వంతుకు దగ్గరగా క్షణాల్లో ఆవిరవుతుంది. మిగతాది మైనస్ 33కు చల్లబడి, సన్నటి తుంపరగా గాలిలో కలుస్తుంది. ఆ చల్లటి తెల్లటి మబ్బు గాలి కన్నా బరువు. వేడెక్కేదాకా నేలను అంటిపెట్టుకుని, గాలి ఎటు వీస్తే అటు పాకుతుంది. ఒక లీటరు ద్రవం పూర్తిగా ఆవిరైతే 800 లీటర్లకు పైగా గ్యాసవుతుంది. పైపు ఒకటే, దాని నిండా గ్యాసు ఉందా ద్రవం ఉందా అన్నదాన్ని బట్టి సంఘటన పది నిమిషాల దగ్గు దగ్గర ఆగొచ్చు, ఊరి పొలిమేర దాటొచ్చు.

నీళ్ల విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. అమ్మోనియాకు నీళ్లంటే విపరీతమైన ఆశ. అందుకే ఫైరింజన్ వాళ్లు మబ్బు మీద నీటి తెర కొట్టి గ్యాసును కరిగిస్తారు. అదే నీళ్లు నేల మీద నిలిచిన ద్రవ అమ్మోనియా మీద పడితే, నీళ్ల వేడికి అది మరిగి ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది. కరిగిన నీళ్లు కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి వెళితే చేపలు చచ్చిపోతాయి. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోవడం కూడా ఇంతే. బయటికి పరుగెత్తే ఆ నిమిషంలో గుడ్డలోని తడి కొంత గ్యాసును పట్టుకుంటుంది, కాబట్టి సాయమే. దాన్ని మాస్కు అనుకుని వాల్వు కట్టడానికి లోపలికి వెళితే ప్రాణం మీదకొస్తుంది. ఆకుపచ్చ గుర్తున్న అమ్మోనియా క్యానిస్టర్ మాస్కులకే ఒక హద్దు ఉంటుంది. ఎంతుందో తెలియని చోటికి వెళ్లాలంటే వీపున గాలి సిలిండర్ ఉండాల్సిందే.

ప్లాంటు నడుస్తుండగా కన్నా విప్పినప్పుడే

నా దృష్టిలో ఈ వ్యవహారానికి కీలకం ఇక్కడుంది. పైపులు, ట్యాంకులు మూసి ఉండి, మామూలుగా తిరుగుతున్న ప్లాంటు దానంతటది పగలడం అరుదు. ప్రమాదాలు ఎక్కువగా ఎవరో దాన్ని తెరిచినప్పుడో, ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడో జరుగుతాయి.

ఆయిల్ తీయడమే తీసుకోండి. కంప్రెసర్‌లోని ఆయిల్ కొంచెం కొంచెంగా అమ్మోనియాతో కొట్టుకొస్తుంది. అది అమ్మోనియాలో కలవదు, దానికన్నా బరువు, కాబట్టి ట్యాంకుల అడుగున చేరుతుంది. అప్పుడప్పుడు అడుగు వాల్వు తిప్పి బకెట్లోకి వదలాలి. చలికి ఆయిల్ చిక్కబడి ఓ పట్టాన రాదు. ఆపరేటర్ వాల్వు ఇంకాస్త తిప్పుతాడు. అయినా చుక్కచుక్కగానే వస్తుంది. ఇంకాస్త తిప్పుతాడు. అడ్డంగా ఉన్న ఆయిల్ ముద్ద ఒక్కసారిగా ఊడిపోతే దాని వెనకే ద్రవ అమ్మోనియా తన్నుకొస్తుంది. వాల్వు దగ్గరికి చేయి పెట్టే వీలుండదు. దీనికి విరుగుడుగా వచ్చిందే స్ప్రింగు వాల్వు: చేత్తో పట్టుకున్నంత సేపే తెరిచి ఉంటుంది, చేయి వదిలితే మూసుకుపోతుంది. పెద్ద ఖరీదైనది కాదు. చాలాసేపు పట్టుకోవాల్సి వస్తోందని దాని పిడికి తీగ కట్టేస్తే మాత్రం అది ఉన్నా లేనట్టే.

పైపు వెల్డింగు, వాల్వు మార్పు కూడా ఇలాంటివే. పైపులో అమ్మోనియా లేదనుకోవడం వేరు, రెండు వైపులా వాల్వులు కట్టి, తాళం వేసి, ఖాళీ చేసి, గేజీ చూసి నిర్ధారించుకోవడం వేరు. ఇందులోనూ ఓ ఉచ్చు ఉంది. రెండు వాల్వుల మధ్య పైపు నిండా చల్లటి ద్రవం చిక్కుకుపోతే, ఎండకు వేడెక్కే కొద్దీ అది వ్యాకోచిస్తుంది. పోవడానికి చోటు లేక ప్రెషర్ విపరీతంగా పెరిగి పైపునో వాల్వునో చీల్చేస్తుంది. అంటే జాగ్రత్త కోసం వాల్వు కట్టిన చేయే ప్రమాదం తేవచ్చు. ఏ వాల్వు ముందు కట్టాలో కాగితం మీద రాసి గోడకు పెట్టమనేది అందుకే.

కరెంటు పోయి వచ్చిన తర్వాతి నిమిషాలు ఇంకో గండం. అమెరికాలోని అలబామాలో 2010 ఆగస్టు 23న జరిగిన ప్రమాదం దీనికి గట్టి ఉదాహరణ. కోల్డ్ స్టోరేజీలో ఏడు గంటలకు పైగా కరెంటు పోయింది. మళ్లీ నడిపే హడావుడిలో అలారాలు క్లియర్ చేస్తుంటే, మధ్యలో ఆగిన కాయిల్ డీఫ్రాస్ట్ (కాయిల్ మీద పేరుకున్న మంచును వేడి గ్యాసుతో కరిగించడం) ప్రక్రియ కూడా చెరిగిపోయి, వేడి గ్యాసున్న కాయిల్ నేరుగా చల్లటి ద్రవమున్న పైపుకు తెరుచుకుంది. ఆ దెబ్బకు పెద్ద పైపు చీలి 14 టన్నులకు పైగా అమ్మోనియా బయటపడింది. గాలివాటున ఉన్న 150 మందికి పైగా దాని బారిన పడ్డారు. ఐస్ బ్యాంకుతో నడిచే మామూలు డెయిరీలో ఇలాంటి వేడి గ్యాసు డీఫ్రాస్ట్ ఉండకపోవచ్చు. మైనస్ 18 కోల్డ్ రూములు, పండ్ల ముక్కలు గడ్డకట్టించే యూనిట్లు ఉన్నచోట ఉంటుంది.

మన జిల్లాలకు దీంతోపాటు సీజను సమస్య కూడా ఉంది. తోతాపురి కాయ దిగే రెండు మూడు నెలలే గుజ్జు ఫ్యాక్టరీలకు పని. బంగారుపాళెం, దామలచెరువు వైపు రోడ్ల మీద ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో ప్లాంటు రాత్రింబవళ్లు నడవాలి. ఏడాదిలో మిగతా కాలమంతా ఖాళీ. వాడని కాలంలో పైపుల చుట్టూ ఉన్న ఇన్సులేషన్ కింద తుప్పు ఎవరికీ కనిపించకుండా తినేస్తుంది. గ్లాండు ప్యాకింగులు ఎండిపోతాయి. పోయిన ఏడాది నేర్చుకున్న కుర్రాడు ఈ ఏడాది ఇంకో చోట చేరిపోయి ఉంటాడు. గేటు ముందు కాయ కుళ్లిపోతుంటే, ముందు ప్రెషర్ టెస్టు చేద్దాం సార్ అని చెప్పడానికి ఓ జీతగాడికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. రైతు తొందరా న్యాయమే, యజమాని టెన్షనూ న్యాయమే. అందుకే ఈ పరీక్షలు కాయ రాకముందు, ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో అయిపోవాలి.

పాత సామానును నెట్టుకురావడం ఎక్కడికి దారితీస్తుందో కెనడాలోని ఫెర్నీ పట్టణంలో 2017 అక్టోబరు 17న తేలింది. ఐస్ స్కేటింగ్ మైదానాన్ని చల్లబరిచే యంత్రం (చిల్లర్)లో గొట్టానికి చిల్లుపడి, చలిని మోసుకెళ్లే ఉప్పునీటిలోకి అమ్మోనియా కారుతోంది. లీకు సంగతి తెలిసీ ఆ చిల్లర్‌ను మళ్లీ నడిపారు. ముగ్గురు చనిపోయారు. చల్లటి నీళ్ల మీద నడిచే మన ప్లాంట్లకూ ఇది వర్తిస్తుంది. ఆ నీళ్లలో అమ్మోనియా కలుస్తోందేమో ఎప్పటికప్పుడు చూడటం చిన్న పరీక్షే.

ఎన్ని టన్నులుంటే పెద్ద ప్రమాదం అంటారు

మన దేశంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమావళి అమ్మోనియాకు విడిగా నిల్వ చేస్తే 60 టన్నులు, ప్రక్రియలో వాడితే 50 టన్నులు అని ప్రాథమిక పరిమితి పెట్టింది. అది దాటితే ప్రభుత్వానికి ముందస్తు సమాచారం, అత్యవసర ప్రణాళిక లాంటి గట్టి షరతులు వర్తిస్తాయి. అమెరికాలో ప్రక్రియ భద్రత నిబంధనల పరిమితి 10,000 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర టన్నులు.

ఆరు టన్నుల అమ్మోనియా ఉన్న డెయిరీని ఊహించుకోండి. అక్కడైతే అది కఠిన నిబంధనల కిందికి వస్తుంది, ఇక్కడ ఆ పరిమితికి ఆమడ దూరంలో ఉంటుంది. అంటే ఇక్కడ చట్టమే లేదని కాదు. ప్రమాదాలను గుర్తించి, నివారించి, కార్మికులకు శిక్షణ ఇవ్వాలన్న సాధారణ బాధ్యత పరిమితితో సంబంధం లేకుండా ఉంది. ఫ్యాక్టరీల చట్టం స్థానంలోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది.

చిన్న పరిశ్రమలవాళ్లు చెప్పేది కొట్టిపారేయలేం. ఆరు టన్నుల ప్లాంటుకూ ఎరువుల ఫ్యాక్టరీ స్థాయి కాగితాలు అడిగితే కన్సల్టెంట్లు బాగుపడతారు తప్ప వాల్వులు బాగుపడవని వాళ్ల వాదన. రెండో పక్షం అడిగేది, టన్నులతో పాటు మనుషులు ఎంత దగ్గరగా ఉన్నారన్నది ఎందుకు లెక్కించరని. పొలాల మధ్య 40 టన్నుల ట్యాంకు కన్నా, కంప్రెసర్ రూముకు ఒక్క గోడ అవతల యాభై మంది ఆడవాళ్లు ప్యాకింగ్ చేసేచోట రెండు టన్నులే ఎక్కువ హాని చేయొచ్చు. నాకు ఈ రెండో మాటే సబబుగా తోస్తుంది. కంప్రెసర్ ఆపరేటర్‌కు కనీసం వాల్వు ఎక్కడుందో తెలుసు, మాస్కు ఎక్కడుందో తెలుసు. ప్యాకింగ్ హాల్లో కాంట్రాక్టు మీద పనిచేసే మనిషికి, గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పరుగెత్తాలన్న సంగతి ఎవరైనా చెప్పి ఉండాలి కదా.

మానేసి ఇంకోటి వాడొచ్చా

ఫ్రియాన్ జాతిలోని ఆర్-404ఏ మనిషికి ఇంత ఘాటు విషం కాదు. కానీ అది ఒక కిలో లీకైతే దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడిని భూమికి చేరుస్తుంది. అమ్మోనియా వల్ల ఆ నష్టం సున్నా. 2016 కిగాలీ ఒప్పందం ప్రకారం మన దేశం 2028లో ఈ వాయువుల వాడకాన్ని పెరగకుండా ఆపి, 2047కల్లా 85 శాతం తగ్గించాలి. ఇప్పుడు అటు మారితే ఇరవై ఏళ్లలో మళ్లీ మారాలి. కార్బన్ డయాక్సైడ్‌తోనే నడిచే ప్లాంట్లూ ఉన్నాయి. అయితే 31 డిగ్రీలు దాటితే అది ఎంత నొక్కినా ద్రవం కాదు. ఎండాకాలం తిరుపతిలో 40 దాటుతుంది కాబట్టి 90, 100 కిలోల ప్రెషర్‌తో నడపాలి, కరెంటు ఖర్చూ పెరుగుతుంది.

మధ్యేమార్గం, అమ్మోనియాను కంప్రెసర్ రూముకే పరిమితం చేసి, మనుషులుండే గదులకు చల్లటి నీళ్లో గ్లైకాలో (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) పంపడం. ఐస్ బ్యాంకు చేసేది ఇదే. కోల్డ్ రూములకూ ఇలా చేస్తే పంపులకు అదనంగా కరెంటు అవుతుంది, కానీ ప్లాంటులో అమ్మోనియా బాగా తగ్గుతుంది, ప్యాకింగ్ హాలు పక్కన ఆ పైపే ఉండదు.

‘ప్రాథమిక చికిత్స చేసి పంపారు’ అన్న వార్త

అమ్మోనియా తడి ఎక్కడుంటే అక్కడికి వెళుతుంది: కళ్లు, ముక్కు, గొంతు, చెమట పట్టిన చర్మం. తడితో కలిసి సున్నం లాంటి గాఢ క్షారంగా మారి లోలోపలికి తినేస్తుంది. కళ్లను కనీసం పావుగంట పాటు ధారగా నీళ్లతో కడగడం అన్నిటికన్నా ముందు జరగాల్సింది. ఆస్పత్రికి చేరేదాకా ఆగితే ఆలోగా చూపు దెబ్బతినొచ్చు. అందుకే కంప్రెసర్ రూము బయటే షవరు, కళ్లు కడిగే కుళాయి ఉండాలంటారు.

ఎక్కువ పీల్చినవాళ్లలో కొందరికి మొదట దగ్గు, మంట మాత్రమే ఉండి, గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సాయంత్రం నడుస్తూ ఆస్పత్రికి వచ్చిన మనిషికి రాత్రికి ఆక్సిజన్ అవసరం పడొచ్చు. డాక్టర్లు ఒక రోజు ఉంచి చూస్తామన్నప్పుడు, బాగానే ఉంది కదా, ఇంటికి పంపించేయండని యాజమాన్యమో ఇంట్లోవాళ్లో తొందరపెట్టకూడనిది ఇందుకే. మర్నాటి కూలి పోతుందన్న బెంగతో బాధితులే లేచి వెళ్లిపోవడమూ ఉంటుంది. పరిశీలనలో ఉన్న రోజులకు జీతం కట్ కాదని గేటు దగ్గరే యాజమాన్యం చెబితే, ఆ బెంగ ఉండదు.